రెండు దేశాల పిల్లలతో ప్రయాణం: టికెట్ కొనకముందే చూసుకోవలసిన కాగితాలు

మే నెలాఖరున అమెరికా బళ్లకు సెలవులిచ్చారంటే అనంతపురంలో వీధికి ఒకటి రెండు ఇళ్లలోనైనా మనవళ్లు, మనవరాళ్లు దిగుతారు. ఎండకు ఎలా ఓర్చుకుంటారో, ఏ నీళ్లు తాగించాలో, కడుపు చెడకుండా ఏం వండాలో పెద్దవాళ్లు నెల ముందునుంచే ఆలోచించుకుంటారు గానీ, ఆ పిల్లల పాస్‌పోర్టు గడువు ఎప్పుడు తీరుతుందో మాత్రం తిరుగు ప్రయాణం దగ్గరపడేదాకా చాలా ఇళ్లలో ఎవరూ తెరిచి చూడరు. మా బంధువర్గంలో ఈ కాగితాలు సరిచూసే పని కొన్నేళ్లుగా నా మీదే పడుతున్నందున, పదేపదే ఎదురయ్యే చిక్కులను, వాటికి ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలను ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక అపోహ తొలగాలి. ‘మా వాడికి రెండు దేశాల పౌరసత్వం ఉంది’ అని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. 2005లో పౌరసత్వ చట్టాన్ని సవరించి, 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభించిన ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు పేరులో ‘సిటిజన్’ అన్న మాట ఉన్నప్పటికీ, అది ఎన్నిసార్లైనా వచ్చిపోవడానికి, ఎంతకాలమైనా ఉండటానికి వీలిచ్చే జీవితకాలపు వీసా వంటిదే తప్ప పౌరసత్వం కాదు. ఆ కార్డుతో ఇక్కడ ఓటు రాదు, వ్యవసాయ భూమి కొనడానికీ వీలుండదు. కాబట్టి అమెరికా పాస్‌పోర్టు ఉన్న పిల్లవాడు సరిహద్దు దగ్గర విదేశీయుడే, వాడిని లోపలికి రానిచ్చేది పాస్‌పోర్టుతో పాటు ఓసీఐ కార్డు గానీ వీసా గానీ.

ఈ సంగతి తెలియకనే, ‘ఎందుకైనా మంచిది, ఇక్కడ కూడా ఒక పాస్‌పోర్టు తీసిపెట్టండి’ అనే సలహా ఇంటికి వచ్చిన ప్రతి పెద్దమనిషీ ఇస్తాడు. అక్కడ పుట్టిన బిడ్డ ఇక్కడి నర్సింగ్ హోమ్‌లో పుట్టినట్టు జనన ధ్రువపత్రం చేయిస్తామనేవాళ్లు కూడా ఉంటారు. వారి మాట వినవద్దు. అబద్ధం చెప్పి గానీ, తెలుపవలసింది దాచి గానీ పాస్‌పోర్టు తీసుకుంటే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. అది చాలక, ఒకే బిడ్డకు రెండు పుట్టిన ఊళ్లు రికార్డుకెక్కితే ఆ ముడి పెద్దయ్యాక ఆ బిడ్డే విప్పుకోవలసి వస్తుంది.

ఇక పాస్‌పోర్టు సంగతి. అమెరికాలో పదహారేళ్లలోపు పిల్లలకిచ్చే పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది. పెద్దవాళ్లది పదేళ్లు కదా అన్న ధీమాతో పిల్లలది మరిచిపోవడం చాలా సాధారణం. దానిని పెద్దవాళ్ల పాస్‌పోర్టులాగా తపాలాలో పంపి పొడిగించుకోవడం కుదరదు. ప్రతిసారీ కొత్తగా దరఖాస్తు చేసి, తల్లిదండ్రులిద్దరూ బిడ్డతో సహా హాజరు కావాలి, లేదా రాలేని వారు నోటరీ చేయించిన డీఎస్-3053 అంగీకార పత్రం పంపాలి. ఇక్కడికి వచ్చాక గడువు తీరితే హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లవలసిందే, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్ అంతా దాని పరిధిలోనే ఉంది. బెంగళూరు మనకు దగ్గరే అయినా ఈ పనికి అక్కరకు రాదు.

పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ ఓసీఐ వివరాలు కూడా మార్చుకోవాలి. ఇరవై ఏళ్లలోపు వారు కొత్త పాస్‌పోర్టు వచ్చిన మూడు నెలల్లోగా దాని ప్రతిని, తాజా ఫొటోను ఓసీఐ వెబ్‌సైటులో ఎక్కిస్తే సరిపోతుంది, దీనికి రుసుము లేదు. పాత పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలన్న నిబంధనను 2021లో ఎత్తివేసినా, కార్డు మీద పాత నంబరే ఉన్నప్పుడు విమాన సంస్థ కౌంటరులో వాదించడం కన్నా పాత పుస్తకాన్ని కూడా సంచిలో వేసుకోవడం మేలని నా అనుభవం.

మనవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ తలనొప్పి పేర్లతోనే. మన వైపు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఒక్కోసారి ఒక్క అక్షరంగానే మిగులుతుంది. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, పేరంతా రెండో గడిలో రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. అటువంటి వారి అమెరికా వీసా మీద అసలు పేరుండవలసిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అన్న మూడక్షరాలు వచ్చి కూర్చుంటాయి. అక్కడ కాన్పు అయినప్పుడు ఆసుపత్రిలో నింపే కాగితంలో తండ్రి పేరు ఎలా పడితే బిడ్డ జనన ధ్రువపత్రంలో అలాగే ఉండిపోతుంది, తరువాత ఓసీఐ దరఖాస్తులో తండ్రి పాస్‌పోర్టుతో పోల్చినప్పుడు తేడా బయటపడుతుంది. అందుచేత కాన్పుకు ముందే భార్యాభర్తలిద్దరూ తమ పాస్‌పోర్టులు తెరిచి పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం చూసి రాసిన చీటీ ఒకటి సిద్ధం చేసుకోవాలి. టికెట్ మీద బిడ్డ పేరు కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంట్లో పిలిచే పేరు పనికిరాదు.

తల్లి పుట్టింటి పేరును మార్చుకోకుండా బిడ్డకు తండ్రి ఇంటిపేరు పెట్టిన ఇళ్లలో, తల్లి ఒక్కతే బిడ్డతో ప్రయాణిస్తే ‘ఈ పాప మీకేమవుతుంది’ అని అధికారులు అడగడం సహజం. జనన ధ్రువపత్రం ప్రతి ఒకటి, రాని తండ్రి నోటరీ చేయించి ఇచ్చిన అంగీకార లేఖ ఒకటి దగ్గరుంటే అది ఒక్క నిమిషం మాట. ఆ లేఖ ఇంగ్లీషులో ఉండాలి. పాస్‌పోర్టులో ఉన్నట్టే బిడ్డ పేరు, పుట్టిన తేది, పాస్‌పోర్టు నంబరు, ఎవరితో వెళుతున్నది, ఏ తేదీల మధ్య, ఎక్కడ ఉండేది, సంతకం చేసినవారి ఫోను నంబరు అందులో రాయాలి. అవ్వాతాతలు తీసుకువెళుతుంటే తల్లిదండ్రులిద్దరి సంతకాలూ అవసరం. భార్యాభర్తల మధ్య వ్యాజ్యం ఉన్నప్పుడు మాత్రం న్యాయవాదిని అడగకుండా బిడ్డను సరిహద్దు దాటించకూడదు, ఎందుకంటే పిల్లల అపహరణకు సంబంధించిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు, ఆ తగాదా రెండు దేశాల కోర్టుల మధ్య ఏళ్లతరబడి సాగుతుంది.

ఓసీఐ ఇంకా రాని పిల్లలు ఈ-వీసా మీద వస్తారు. అమెరికా పౌరులు టూరిస్టు ఈ-వీసా మీద ఒక విడతలో 180 రోజులకు మించి ఉండకూడదు. తమ పాస్‌పోర్టులో అమెరికా వీసా ముద్ర (స్టాంపింగు) వేయించుకోవడానికి వచ్చిన తల్లిదండ్రులు నెలలు గడిచినా ఇక్కడే చిక్కుకుపోయినప్పుడు, తమ గడువు లెక్కలో పడి బిడ్డ గడువును మరిచిపోతారు. గడువు దాటితే ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం) అనుమతి, జరిమానా తప్పవు. దరఖాస్తు ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ వెబ్‌సైటులోనే పెట్టుకోవచ్చు.

దేశానికొక పద్ధతి ఉంది. అమెరికా పౌరుడైన బిడ్డ అక్కడికి ఆ దేశపు పాస్‌పోర్టుతోనే వెళ్లాలి, ఆస్ట్రేలియాదీ అదే నియమం. బ్రిటన్‌లో స్థిర నివాసం ఉన్నవారికి అక్కడే పుట్టిన బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్ పౌరుడు కాబట్టి, భారతీయ పాస్‌పోర్టు మాత్రమే తీసుకుని ఊరుకున్నవారు బిడ్డ పౌరసత్వం సంగతి తేల్చుకోకుండా టికెట్ కొనకూడదు. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లినవారి పిల్లలది వేరే దారి: అక్కడ పుట్టినంత మాత్రాన కువైట్ పౌరసత్వం రాదు, ఏడాదిలోగా భారత రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించి భారతీయ పాస్‌పోర్టు తీసుకోవాలి.

మూడేళ్ల క్రితం మా తమ్ముడి కూతురు, ఇల్లు తాళం వేసి తిరుపతి వెళుతూ, నగలతో పాటు పిల్లల ఓసీఐ కార్డులను కూడా బ్యాంకు లాకరులో పెట్టింది. సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో విమానం. కార్డులు గుర్తుకొచ్చింది శనివారం మధ్యాహ్నం, అదీ రెండో శనివారం. పాస్‌పోర్టులో వీసా లేని పిల్లలు ఇక్కడ ఏ హక్కుతో ఉన్నారో చూపేది ఆ కార్డే కాబట్టి ప్రయాణం మానుకున్నారు, టికెట్ల తేడా కట్టి గురువారం బయలుదేరారు. అందుకే పిల్లల కాగితాలు ఇంట్లోనే, పాస్‌పోర్టు ఒక చోట, ఓసీఐ మరో చోట ఉంచుకోమంటాను. ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. పాస్‌పోర్టు పోతే ముందు పోలీస్ స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి, తరువాతే కాన్సులేట్ పని. అన్నింటి ఫొటోలు తల్లిదండ్రుల ఫోనుల్లోనే కాక అవ్వాతాతల ఫోనులోనూ ఉండాలి.

అనంతపురం నుంచి బెంగళూరు శివారులోని దేవనహళ్లి విమానాశ్రయం సుమారు మూడు గంటల దారి. బయలుదేరేటప్పుడు పచ్చళ్ల డబ్బాలు, చీరల పెట్టెలు తూచడంతో పాటు, కారు తలుపు వేయకముందే చేతిసంచి తెరిచి, బిడ్డ పాస్‌పోర్టు, ఓసీఐ, జనన ధ్రువపత్రం ప్రతి, అంగీకార లేఖ అన్న నాలుగింటినీ పైకి తీసి చూసుకోండి. పెనుకొండ దాటాక గుర్తుకొస్తే వెనక్కి తిరిగి వచ్చే వ్యవధి ఉండదు.