చీలమండ బెణికిన వారం: ఒకరు కొండెక్కుతూ, ఒకరు కోలుకుంటూ

కార్తీకమాసం మొదటి ఆదివారం యారాడ కొండ దిగుతుంటే మా ఆయన పడిపోయారు. ముందు రోజు రాత్రి వాన పడింది. మలుపులో ఇసుక కొట్టుకొచ్చి పల్చగా పరుచుకుని ఉంది. నేను ఓ ఇరవై అడుగుల వెనక వస్తున్నాను. ముందు చక్రం జారింది, ఆయన కుడికాలు నేలకు ఆనించబోయారు, పాదం లోపలికి మడతపడింది. అంతా నా కళ్ల ముందే జరిగింది.

మాది ఎంవీపీ కాలనీ. ఇద్దరం నలభైలు దాటినవాళ్లం. నాలుగేళ్లుగా వారానికి మూడు రోజులు ఎంటీబీ (కొండదారుల్లో తొక్కే) సైకిళ్ల మీద విశాఖ చుట్టూ ఉన్న కొండలు ఎక్కుతున్నాం. ఇంట్లో ఇద్దరూ తొక్కేవాళ్లయితే ఒకరికి దెబ్బ తగిలినప్పుడు రెండోవారు కూడా మానేస్తారు. లేకపోతే ఒకరు రోడ్డు మీద, ఒకరు మంచం మీద అన్నట్టు వేరైపోతారు. ఆ రెండూ అవసరం లేదని ఆ వారం నాకు తెలిసింది. మేం ఎలా గడిపామో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

పడిన వెంటనే లేపి నిలబెట్టకండి. ముందు సైకిల్‌ని, మనిషిని మలుపు నుంచి పక్కకి తప్పించాలి, ఎందుకంటే పై నుంచి వచ్చే బండికి మనం కనపడం. మెడ నొప్పిగా ఉందంటే మాత్రం మనిషిని కదపకుండా, వచ్చే బండ్లనే ఆపాలి. తల తగిలిందా, వాంతి వచ్చేలా ఉందా అని అడగండి. తల తగిలి మగతగా ఉన్నా, వాంతులైనా నేరుగా ఆస్పత్రికే. హెల్మెట్ పగిలితే ఇంకెప్పుడూ వాడకూడదు. మా ఆయన హెల్మెట్ నేలకు తగల్లేదు, కుడి మోచెయ్యి మాత్రం గీరుకుపోయింది.

చీలమండ విరిగిందా, బెణికిందా అన్న టెన్షన్‌కి ఒక మంచి పరీక్ష ఉంది. 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు తయారుచేసిన పద్ధతి ఇది. చీలమండకి రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచుని, కింది నుంచి నాలుగు వేళ్ల మందం మేర నొక్కి చూడాలి. పాదం బయటి అంచు మధ్యలో ఉన్న బొడిపె ఎముకనీ, లోపలి వైపు వంపు పైన ఉన్న ఎముకనీ కూడా నొక్కాలి. వీటిలో ఎక్కడ నొక్కినా ఎముక మీదే నొప్పి పుడితే ఎక్స్‌రే తప్పదు. పడిన వెంటనే, తర్వాత డాక్టర్ దగ్గర, రెండు సార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా అంతే. కుంటుతూ వేసినా అడుగు వేసినట్టే లెక్క. ఆయన నా భుజం పట్టుకోకుండా నాలుగు అడుగులు వేశారు. నొప్పి ఎముక మీద కాదు, బయటి ఎముకకి ముందు వైపు మెత్తటి చోట ఉంది. ఆయన్ని బండ మీద కూర్చోబెట్టి, సింధియా వైపు కింద పెట్టిన కారు తెచ్చాను. మధ్యాహ్నం డాక్టర్‌కి చూపిస్తే లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) సాగిందనీ, తెగలేదనీ చెప్పి క్రేప్ బ్యాండేజ్ కట్టారు.

మోచేతి గాయం సంగతి. సైకిల్‌కున్న బాటిల్లో మంచినీళ్లుంటే అక్కడే ధారగా పోయండి, గ్లూకోజ్ కలిపిన బాటిల్ మాత్రం వద్దు. ఇంటికొచ్చాక కుళాయి కింద సబ్బుతో కడిగి, ఇసుక రేణువులు ఒక్కొక్కటీ ప్లక్కర్‌తో తీశాను. పావుగంట పట్టింది. పై ఫ్లోర్ పిన్నిగారు కాఫీ పొడి అద్దమన్నారు, ఇంకొకరు పసుపన్నారు. ఆ రెండూ గాయంలో అంటుకుపోయి, డ్రెస్సింగ్ మార్చినప్పుడల్లా మళ్లీ గోకాల్సి వస్తుంది. పల్చగా వాజిలిన్ రాసి, అంటుకోని గాజు గుడ్డ వేసి రోజూ మార్చితే చాలు. తడి ఆరకుండా ఉన్న గాయం మీద చర్మం త్వరగా పాకుతుంది. మట్టి పట్టిన గాయం కాబట్టి టీటీ వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. మా ఆయనకి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేదు, అందుకే వేయించాం.

మొదటి రెండు రోజులు కాలు కింద రెండు దిళ్లు పెట్టి, మడమ గుండె కన్నా ఎత్తులో ఉంచాం. ఐస్ ముక్కలు తువ్వాలులో చుట్టి పావుగంట చొప్పున రోజుకి నాలుగైదు సార్లు పెట్టాను. ఐస్ నొప్పిని తగ్గిస్తుంది, అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నూనె రాసి లాగటం, వేడి కాపడం ఈ రెండు రోజులూ అసలు వద్దు, వాపు పెరుగుతుంది. వేళ్లు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా కట్టు బిగుతుగా ఉన్నట్టు. వెంటనే వదులు చేయండి.

మర్నాడు కార్తీక సోమవారం. ఆయన ఉపవాసం ఉంటానన్నారు. గాయం మానాలంటే శరీరానికి ప్రోటీన్ కావాలండీ, ఈ ఒక్క వారం వద్దన్నాను. వినలేదు. చివరికి అత్తయ్యగారే గదిలోకొచ్చి, "దెబ్బ తగిలినోడికి ఉపాసమేట్రా? శివయ్య ఏటీ అనుకోడు, లేచి తిను" అన్నారు. తిన్నారు.

ఇక్కడి నుంచే అసలు వంట మొదలు. కార్తీకంలో మా ఇంట్లో చేపా లేదు, గుడ్డూ లేదు. ఆయన బరువు 72 కిలోలు. కోలుకునే రోజుల్లో కిలోకి గ్రాము కన్నా కాస్త ఎక్కువే ప్రోటీన్ అందేలా 85 గ్రాములు లెక్క పెట్టుకున్నాను. కొండెక్కి వచ్చే నాకూ దాదాపు అదే నిష్పత్తి సరిపోతుంది. కాబట్టి ఇద్దరికీ ఒకటే వంట. తేడా అల్లా అన్నంలోనే. నాకు రెండు గరిటెలు ఎక్కువ, ఆయనకి ఒకటి తక్కువ. పడుకుని ఉన్నారు కదా అని పప్పూ పెరుగూ తగ్గించవద్దు.

అన్నిటికన్నా అక్కరకొచ్చినవి ఉలవలు. ఎండు ఉలవలు వంద గ్రాములకి ప్రోటీన్ దాదాపు 22 గ్రాములు. మనవాళ్లు ఉలవచారు ఇష్టంగా తాగి గింజలు పశువులకి పెట్టేస్తారు. కానీ బలమంతా చాలా వరకు ఆ గింజల్లోనే ఉండిపోతుంది. అందుకే నేను రెండూ చేస్తాను. పావుకిలో ఉలవలు రాళ్లేరి, కడిగి, రాత్రంతా నానబెట్టండి. పన్నెండు గంటలు నానకపోతే ఎన్ని విజిల్స్ వచ్చినా పంటికి గట్టిగానే తగులుతాయి. పొద్దున్న ఐదు రెట్లు నీళ్లు పోసి, కుక్కర్లో మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో అరగంట ఉంచండి. గింజ రెండు వేళ్ల మధ్య మెత్తగా నలగాలి. వడకట్టిన నీళ్లు చిక్కటి గోధుమరంగులో ఉంటాయి, అదే ఉలవ కట్టు. అందులో గుప్పెడు ఉడికిన గింజలు నూరి కలిపి, చింతపండు పులుసు, చిటికెడు పసుపు, ఉప్పు, చిన్న అనకాపల్లి బెల్లం ముక్క వేసి సన్నటి సెగ మీద మరగనివ్వండి. గరిటె వెనక పల్చగా పట్టుకున్నప్పుడు ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టాలి. ఇంగువ దండిగా పడాలి, మా వైపు చారుకి అదే ప్రాణం. మిగిలిన గింజల్ని పచ్చిమిర్చి, కొబ్బరి కోరుతో తాళింపు వేస్తే గుగ్గిళ్లు. సాయంత్రం చెరో కప్పు తిన్నాం.

మిగతావి తేలికే. పొద్దున్న పెసరట్టు, మధ్యాహ్నం మునగాకు పప్పు, రెండు పూటలా పెరుగు, ఓ గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగ గుళ్లు, ఓ రోజు పనీర్ కూర. ఉసిరికాయలు రైతుబజారులో రాశులు పోసి అమ్మే కాలం. వాటిలోని విటమిన్ సి లేనిదే శరీరం కొల్లాజెన్ కట్టుకోలేదు. లిగమెంటుకీ చర్మానికీ అదే ముడిసరుకు. ఉడికిస్తే విటమిన్ కొంత పోతుంది కాబట్టి పచ్చి ఉసిరి తురిమి, పెరుగులో కలిపి, పోపు చల్లారాక వేశాను.

చోడి (రాగి) అంబలి బాధ్యత అత్తయ్యగారిది. రెండు పెద్ద చెంచాల చోడిపిండి చన్నీళ్లలో ఉండలు లేకుండా జారుగా కలిపి, మరిగే నీళ్లలో పోస్తూ తిప్పాలి. ఏడెనిమిది నిమిషాల్లో పచ్చివాసన పోయి నిగనిగలాడుతుంది. చల్లార్చి రాత్రంతా మూతపెట్టి ఉంచితే తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. మజ్జిగ, ఉప్పు కలిపి తాగటమే. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మా గ్లాసుల్లో సన్నగా తరిగిన ఉల్లిపాయ పడేది, ఆవిడ గ్లాసులో కార్తీకం అయ్యేదాకా పడలేదు.

ఆయన్ని మంచం మీద వదిలేయలేదు. వంటగదిలో ఒక కుర్చీ, కాలు పెట్టుకోవటానికి ఎదురుగా ఇంకోటి. మునగాకు దూయటం, వేరుశనగ కాయలు వలవటం, ఉలవల్లో రాళ్లేరటం ఆయన పని. మంగళవారం తెల్లవారుజామున నేను కైలాసగిరి వెళ్లొచ్చేసరికి ఆకు దూసి సిద్ధంగా పెట్టారు. ఒంటరిగా వెళ్లాలా అని ముందు రోజు రాత్రి తటపటాయించాను. ఆయనే టైర్లలో గాలి చూసి, లైటు చార్జింగ్ పెట్టి, పొద్దున్నే వెళ్లిరమ్మన్నారు. నవంబర్లో ఆరుకి గానీ తెల్లారదు కాబట్టి ముందూ వెనకా లైట్లు ఉండాల్సిందే.

కైలాసగిరి ఎత్తు 173 మీటర్లే, కానీ ఊరికే ఊపిరి తీసేస్తుంది. చడావు మొదలవక ముందే తేలిక గేరు వేసుకోండి. ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్దది. తొక్కుడు బరువెక్కాక గేరు మారిస్తే చైన్ మీద భారం పడి కటకటమంటుంది. సీటు మీద కూర్చునే, మాట్లాడగలిగేంత ఊపిరితో ఎక్కాలి. చలికాలంలోనూ మన ఊరి ఉక్కకి చొక్కా తడిసిపోతుంది, పైకెళ్లాక ఉప్పేసిన మజ్జిగ తాగండి.

దిగటం గురించి యారాడలో మాకు తెలిసింది ఇదీ. వేగం మలుపుకి ముందే తగ్గించాలి, మలుపులో కాదు. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పట్టాలి. మలుపులో ఇసుక మీద ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారిపోతుంది, ఆయనకి జరిగింది అదే. బయటి వైపు పెడల్ కిందికి ఉంచి, బరువు దాని మీద వేసి, చూపు మలుపు చివరికి పెట్టాలి. వాన పడిన మర్నాడు మలుపుల్లో నడక వేగం చాలు.

బుధవారం నుంచి పాదం వ్యాయామాలు. కుర్చీలో కూర్చుని, కాలు గాలిలో చాపి, బొటనవేలితో అక్షరాలు దిద్దటం. ఆయన అ నుంచి ఱ దాకా రోజుకి మూడుసార్లు దిద్దేవారు. 'ఋ' దగ్గర కాస్త నొప్పనేవారు, నొప్పి దగ్గర ఆగి మళ్లీ మెల్లగా. గురువారానికి గోడ పట్టుకుని రెండు మడమలూ లేపటం, శుక్రవారం పళ్లు తోముకుంటూ దెబ్బ తగిలిన కాలి మీద అరనిమిషం నిలబడటం. ఈ ఒంటికాలి నిలకడని చాలామంది వదిలేస్తారు. కానీ బెణికిన చీలమండ మళ్లీ మళ్లీ బెణక్కుండా కాపాడేది అదే.

సైకిల్‌కీ వైద్యం కావాలి. పడిన సైకిల్‌ని చూడకుండా ఎక్కకండి. హ్యాండిల్ తిన్నగా ఉందా, చక్రం గిర్రున తిప్పితే బ్రేకుకి రాసుకుంటోందా చూడండి. వెనక గేరు వేలాడే హ్యాంగర్ అనే చిన్న ముక్కని వెనక నుంచి గమనించండి. అది లోపలికి వంగి ఉంటే పెద్ద గేరు వేసినప్పుడు, చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే డీరైలర్ చక్రం పుల్లల్లోకి వెళ్లి ఇరుక్కుంటుంది. ఆయన సైకిల్‌ది వంగింది, కొత్తది వేయించాం.

శనివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పది నిమిషాలు తొక్కారు. సీటు ఒక సెంటీమీటరు దించి, పెడల్ మీద పాదం ముందుభాగం బదులు నడిమి భాగం ఆనించమన్నాను, అప్పుడు చీలమండ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఆగినప్పుడల్లా ఎడమకాలే దించాలి. ఆదివారం బీచ్ రోడ్డు. ఉదయం నడిచేవాళ్ల కోసం కొంత మేర బండ్లు ఆపేస్తారు కాబట్టి భయం లేదు. కాళీమాత గుడి నుంచి వుడా పార్కు దాకా, తిరిగి గుడికి. నేను ఆయన వెనకే, ఆయన వేగంతోనే వచ్చాను.

కొండకి మాత్రం తొందరపడలేదు. రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడగలిగి, ఒంటికాలి మీద పదిహేను సార్లు మడమ లేపి, నొప్పి లేకుండా గెంతగలిగాకే కైలాసగిరి. అది మూడో వారం.

యారాడ ఐదు వారాల తర్వాత. ఆ మలుపు దగ్గర ఇద్దరం దిగి, సైకిళ్లు నడిపించుకుంటూ కాలితో ఇసుక పక్కకి నెట్టి, మళ్లీ ఎక్కాం. ఇంటికొచ్చేసరికి కార్తీకం కూడా అయిపోయింది కదా, అత్తయ్యగారు నెత్తళ్లు (చిన్న సముద్రపు చేపలు) తెప్పించి, కడిగి, చింతపండు నానబెట్టి ఉంచారు.