విండోస్‌లో అపాచీ వెబ్ సర్వర్‌ను అప్‌డేట్ చేయడం ఎలా?

వెబ్‌సైట్లను బ్రౌజర్లకు అందించే ప్రోగ్రాం అపాచీ. విండోస్‌లో అది తనంత తాను కొత్తదైపోదు, నొక్కడానికి మీట కూడా ఉండదు. అపాచీ ఫౌండేషన్ విడుదల చేసేది సోర్స్ కోడ్ మాత్రమే. విండోస్‌లో నేరుగా నడిచే ఫైళ్లను అపాచీ లాంజ్ వంటి బయటివాళ్లు తయారుచేసి ఇస్తారు. అలాంటి జిప్ ఫైలు తెచ్చుకుని, సీ డ్రైవ్‌లో అపాచీ24 ఫోల్డర్‌గా పెట్టుకున్నవారి కోసం ఈ వ్యాసం. జాంప్ అనే ప్యాకేజీ వాడేవారి దారి వేరు, అందులో అపాచీతో పాటు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మరియాడీబీ అనే డేటాబేస్ కూడా కలిసి ఉంటాయి.

నా కంప్యూటర్‌లో నేను మాత్రమే వాడుకునే సర్వర్‌కు ఇంత శ్రమ ఎందుకు అనిపించవచ్చు. కానీ పాత వెర్షన్‌లో భద్రతా లోపాలు ఉండిపోవచ్చు. 2021 అక్టోబరులో అపాచీ 2.4.49 వెర్షన్‌లో అలాంటి లోపం ఒకటి బయటపడింది. కొన్ని అమరికల్లో, వెబ్ చిరునామాను కాస్త మెలితిప్పి పంపితే సైటు ఫోల్డర్ దాటి బయటి ఫైళ్లు కూడా చదవవచ్చు. దాన్ని సరిచేయడానికి వచ్చిన 2.4.50 సరిపోలేదు, మూడు రోజులకే 2.4.51 తేవాల్సి వచ్చింది.

ముందుగా మీ దగ్గర ఉన్నది ఏ వెర్షనో చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో అపాచీ24లోని బిన్ ఫోల్డర్‌కు వెళ్లి, హెచ్‌టీటీపీడీ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, దాని పక్కనే చిన్న వీ అక్షరం ఇవ్వండి. తర్వాత 2.4 వరుసలోని తాజా జిప్‌ను దించుకుని, ఫైలు మారిపోలేదని తేల్చుకోవడానికి పక్కనే ఇచ్చిన షా256 సంఖ్యతో సరిపోల్చండి. ఆ పేజీలో చెప్పిన, అపాచీ నడవడానికి కావలసిన మైక్రోసాఫ్ట్ ఫైళ్ల కట్ట విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ కూడా వేసుకోండి. అది లేకపోతే సర్వర్ అసలు లేవదు.

ఇప్పుడు విండోస్‌లోని సర్వీసెస్ తెరిచి అపాచీ2.4ను ఆపండి. గడియారం పక్కన అపాచీ మానిటర్ బొమ్మ ఉంటే దాన్నీ మూసేయండి. బిన్‌లో తెరిచి ఉంచిన కమాండ్ ప్రాంప్ట్‌నూ మూసేయండి. ఇవి తెరిచి ఉంటే ఫోల్డర్ పేరు మార్చడానికి విండోస్ ఒప్పుకోదు.

పేరు మార్చడమే ఈ పని మొత్తానికీ కీలకం. అపాచీ24ను "అపాచీ24-పాత" చేయండి. పాతదాని మీదే కొత్త ఫైళ్లు అతికించవద్దు. ఒకసారి నేను సర్వర్‌ను ఆపకుండానే ఆ పని చేశాను. వాడకంలో ఉన్న ఫైళ్లు మారలేదు, మిగతావి మారాయి. సగం పాత, సగం కొత్త ఫైళ్లతో తయారైన ఆ కలగూరగంపను విడదీయడానికి ఒక ఆదివారం పూర్తిగా పోయింది.

జిప్‌లోని అపాచీ24ను పాత చోటే పెట్టండి. చోటు, పేరు అవే కాబట్టి సర్వీసును మళ్లీ నమోదు చేయనక్కర్లేదు. పాత ఫోల్డర్ నుంచి అమరికలుండే కాన్ఫ్, సైటు ఫైళ్లుండే హెచ్‌టీడాక్స్ ఫోల్డర్లు తెచ్చుకోండి. సర్టిఫికెట్లు పాత ఫోల్డర్‌లోనే వేరే చోట దాచి ఉంటే అవీ మరవవద్దు. అపాచీకి అదనపు పనులు నేర్పే ఫైళ్లుండే మాడ్యూల్స్ ఫోల్డర్‌ను మాత్రం గంపగుత్తగా తేవద్దు, మీరు విడిగా చేర్చినవాటికి కొత్త ప్రతులు దించుకోండి. పీహెచ్‌పీ సాధారణంగా తన సొంత ఫోల్డర్‌లోనే ఉంటుంది కనుక దాని జోలికి పోనక్కర్లేదు.

సర్వీసు మొదలుపెట్టే ముందు, కొత్త ఫోల్డర్‌లోని బిన్‌లో కమాండ్ ప్రాంప్ట్ మళ్లీ తెరిచి, ఇందాకటి కమాండ్‌నే వీ బదులు చిన్న టీతో నడపండి. "సింటాక్స్ ఓకే" అని రావాలి. తప్పుంటే ఏ ఫైలులో ఏ వరుసో చెబుతుంది.

సర్వీసును మొదలుపెట్టి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ తెరవండి. మీ సైటుకు బదులు "ఇట్ వర్క్స్!" అని పలకరిస్తే సంతోషించకండి, హెచ్‌టీడాక్స్ తేవడం మరిచిపోయి ఉంటారు. సర్వర్ లేవకపోతే లాగ్స్ ఫోల్డర్‌లోని ఎర్రర్ లాగ్ చూడండి. అది ఖాళీగా ఉంటే విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ భాగం చూడండి. వెబ్ సర్వర్లు మామూలుగా వాడే 80వ పోర్టును మరో ప్రోగ్రాం పట్టుకుని ఉన్నా సర్వర్ మొండికేస్తుంది.

ఎంతకీ కుదరకపోతే సర్వీసు ఆపి, కొత్త ఫోల్డర్‌ను పక్కకు తప్పించి, పాతదానికి పాత పేరు ఇచ్చేయండి. రెండు నిమిషాల్లో మీ సైటు మునుపటిలా నడుస్తుంది.