ఏడు ఆటల ప్లేఆఫ్ సిరీస్‌ను ఎలా చూడాలి: సెల్టిక్స్, లేకర్స్ వైరం నుంచి కొన్ని ఉదాహరణలతో

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో టైటిల్ కోసం జరిగే ఫైనల్స్ సిరీస్ ఆట ఆ దేశపు తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైతే హైదరాబాద్‌లో అప్పుడు మర్నాటి ఉదయం ఆరు గంటలు అవుతుంది. అంత పొద్దున్నే లేచి కూర్చున్నవారు కూడా చాలామంది స్కోరు వెంటే పరుగెత్తి, ఆటను చేజార్చుకుంటారు. ఈ ఆటను కొత్తగా చూడడం మొదలుపెట్టినవారికి బోస్టన్ సెల్టిక్స్, లాస్ ఏంజిలిస్ లేకర్స్ మధ్య వైరాన్ని మించిన పాఠం లేదని నా నమ్మకం. ఈ రెండు జట్లూ 1959 నుంచి 2010 వరకు ఫైనల్స్‌లో 12 సార్లు తలపడగా, 9 సార్లు సెల్టిక్స్, 3 సార్లు లేకర్స్ గెలిచాయి.

ముందుగా సిరీస్ ఎక్కడెక్కడ జరుగుతుందో తెలుసుకోండి. నాలుగు ఆటలు ముందు గెలిచినవారిదే సిరీస్. సీజన్‌లో గెలుపోటముల రికార్డు మెరుగ్గా ఉన్న జట్టుకు మొదటి రెండు ఆటలూ సొంత ఊరిలోనే ఉంటాయి. 1985 నుంచి 2013 వరకు ఫైనల్స్‌లో తర్వాతి మూడు ఆటలు ఎదుటి ఊరిలో జరిగేవి. 2014 నుంచి అక్కడ రెండు ఆడి, ఆ తర్వాత ఒక్కో ఆటకూ ఊరు మారుతున్నారు. అందువల్ల మొదటి రెండింటిలో ఒకటి బయటి జట్టు గెలుచుకుంటే సిరీస్ బరువు అటు మొగ్గినట్టే.

మొదటి ఆటలోని తేడాను చూసి మాత్రం తీర్పు చెప్పకండి. 1985లో సెల్టిక్స్ తొలి ఆటను 148-114తో గెలిచారు. లేకర్స్ అంతకు ముందు ఈ జట్టుతో ఆడిన ఎనిమిది ఫైనల్స్‌లోనూ ఓడి ఉన్నారు కాబట్టి, కథ మళ్లీ అదేనని అనిపించడం సహజం. కానీ రెండో ఆటలో 38 ఏళ్ల లేకర్స్ ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్ 30 పాయింట్లు, 17 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతులను అందుకోవడం) సాధించాడు. లేకర్స్ ఆ ఆటనూ, ఆపై 4-2తో సిరీస్‌నూ గెలిచారు, అదీ సెల్టిక్స్ సొంత కోర్టు బోస్టన్ గార్డెన్‌లోనే. సిరీస్‌లో ప్రతి ఆటా అంతకు ముందు ఆటకు జవాబు. అందుకే ఎవరిని ఎవరు కాస్తున్నారన్నది రెండో ఆట మొదటి ఐదు నిమిషాల్లో గమనించి, కాగితం మీద రాసుకోండి.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే పద్ధతి చెబుతాను. బంతి విసిరినవాణ్ణి వదిలేసి, విసిరిన బంతి రిమ్ముకు (బుట్ట ఇనుప వలయానికి) తగిలి వెనక్కి వచ్చేటప్పుడు దాని కింద ఎవరున్నారో చూడండి. 2010 ఏడో ఆటలో లేకర్స్ షాట్లలో మూడింట ఒక వంతు కూడా పడలేదు. కోబీ బ్రయంట్ 24 షాట్లు వేస్తే ఆరు మాత్రమే పడ్డాయి. మూడో క్వార్టర్‌లో (ఆటలోని నాలుగు భాగాల్లో మూడోదానిలో) సెల్టిక్స్ 13 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు. అయినా లేకర్స్ 83-79తో గెలిచారు, ఎందుకంటే తమ తప్పిన షాట్ల బంతులను వాళ్లే 23 సార్లు తిరిగి అందుకున్నారు, సెల్టిక్స్ అలా 8 సార్లే చేయగలిగారు. లేకర్స్‌లో పావ్ గసోల్ ఒక్కడే 18 రీబౌండ్లు పట్టాడు, బ్రయంట్ 15 పట్టాడు. బోస్టన్ సెంటర్ (బుట్ట దగ్గర ఆడే ఆటగాడు) కెండ్రిక్ పెర్కిన్స్ ఆరో ఆటలో మోకాలు దెబ్బతిని ఏడో ఆటకు దూరమయ్యాడన్న సంగతి తెలిసినవారికి రిమ్ము కింద ఆ ఖాళీ కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. స్కోరు మాత్రమే చూసినవారికి అది పేలవమైన ఆట. నాకు మాత్రం ఈ వైరంలోని అత్యుత్తమ ఆటల్లో అదొకటి.

కోర్టు పక్కన బెంచీ మీద కూర్చున్నవారిని కూడా మరవకండి. 1969 ఏడో ఆట లాస్ ఏంజిలిస్‌లో జరిగింది. విజయోత్సవం కోసం పైకప్పుకు బెలూన్లు ముందే కట్టి ఉంచారు. లేకర్స్ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ మోకాలి నొప్పితో నాలుగో క్వార్టర్‌లో బయటికి వచ్చాడు, కొద్దిసేపటికి మళ్లీ ఆడతానన్నా కోచ్ లోపలికి పంపలేదు. చివరి నిమిషాల్లో సెల్టిక్స్ ఆటగాడు డాన్ నెల్సన్ వేసిన షాట్ రిమ్ము వెనక అంచుకు తగిలి, నిటారుగా పైకి లేచి, మళ్లీ వలలోనే పడింది. సెల్టిక్స్ 108-106తో గెలిచారు. 42 పాయింట్లు చేసిన జెర్రీ వెస్ట్‌కు, ఓడిన జట్టులో ఉన్నా, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి దక్కింది. ఆ గౌరవం ఓడిన ఆటగాడికి దక్కడం అప్పుడొక్కసారే. చాలామంది లేకర్స్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్, సెల్టిక్స్ ఆటగాడు లారీ బర్డ్‌ల ఎనభైలనే ఈ వైరానికి శిఖరమంటారు, ఆ ఆటల వేగం, అందం కాదనలేనివి. అయినా నేను 1969కే ఓటు వేస్తాను. ఆ సీజన్‌లో తూర్పు విభాగంలో నాలుగో స్థానంలో నిలిచిన ముసలి జట్టు, ఆటగాడూ కోచ్ కూడా అయిన బిల్ రసెల్ చివరి ఆటలో, పరాయి ఊళ్లో గెలిచిన గెలుపు అది.

సాధన కోసం 2010 ఏడో ఆట రికార్డింగ్ దొరికితే, నాలుగో క్వార్టర్‌ను రెండుసార్లు చూడండి. మొదటిసారి మామూలుగానే చూడండి. రెండోసారి గసోల్‌ను మాత్రమే, అతని చేతిలో బంతి లేనప్పుడు కూడా, కళ్లతో వెంబడించండి. సహచరుడు షాట్ వేసేలోపే అతను ఎటు కదులుతున్నాడో, ఎదుటివాణ్ణి నడుముతో ఎలా అడ్డుకుంటున్నాడో అప్పుడు కనిపిస్తుంది.