మంగు మచ్చలకు పీల్ చేయించుకోవడం ఎలా?

బుగ్గల మీద, ముక్కు మీద, పై పెదవి పైన గోధుమ రంగులో కమ్ముకునే మచ్చలను మనవాళ్లు మంగు అంటారు, డాక్టర్లు మెలాస్మా అంటారు. ఎండ, గర్భం, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం దీనికి ముఖ్య కారణాలు. చర్మ వైద్యులు దీనికి చేసే చికిత్సల్లో కెమికల్ పీల్ ఒకటి. ముఖానికి ఆమ్లం రాసి, చర్మం పై పొర రాలిపోయేలా చేస్తారు. ఆ ఆమ్లం ముఖం మీద ఉండేది కొద్ది నిమిషాలే. అసలు పని అంతకు కొన్ని వారాల ముందే మొదలవుతుంది, తర్వాత కూడా సాగుతుంది. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఈ లెక్క తెలియకనే.

మొదట, చేసేది ఎవరో చూడండి. బోర్డు మీద స్కిన్ క్లినిక్ అని ఉంటే సరిపోదు. పేరు పక్కన ఎం.డి. (డి.వి.ఎల్.) వంటి చర్మ వైద్యానికి సంబంధించిన డిగ్రీ ఉండాలి. పార్లర్‌లో ఫేషియల్ చేయించుకోండి, కాదనను. ఆమ్లం విషయంలో మాత్రం డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న క్రీములన్నీ సంచిలో వేసుకొని వెళ్లండి. సిగ్గుపడి దాచవద్దు. మా పిన్ని ఎవరో చెప్పారని మందుల షాపులో ఒక ట్యూబు కొని ఏడాదిన్నర రాసుకుంది. మొదటి నెల ముఖం అద్దంలా మెరిసింది. తర్వాత ఎండలో అడుగు పెడితే మంట, బుగ్గల మీద దారాల్లాంటి ఎర్రటి నరాలు, గడ్డం మీద సన్నని వెంట్రుకలు. ఆ క్రీములో స్టెరాయిడ్ ఉంది. ఇలాంటి క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించినా, అడిగితే చేతిలో పెట్టే దుకాణాలు ఇంకా ఉన్నాయి. పిన్ని చర్మం కుదుటపడే వరకు పీల్ చేయనని డాక్టర్ ఖండితంగా చెప్పారు. అలా చెప్పే డాక్టర్ దొరికితే అదృష్టమే.

గర్భవతులైనా, బిడ్డకు పాలిస్తున్నా, మూతి మీద తరచూ జ్వరపు పొక్కులు వస్తున్నా, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నా, గాయం మానాక మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే తత్వమున్నా ముందే చెప్పండి.

తర్వాతిది చర్మాన్ని సిద్ధం చేయడం. రెండు నుంచి నాలుగు వారాలు రాత్రిపూట డాక్టర్ రాసిన క్రీము, పగలు సన్‌స్క్రీన్. ఇదెందుకు అని విసుక్కోకండి. తాలింపు నూనె చిట్లి చేతి మీద పడితే, ఎర్రటి చుక్క నల్లబడి నెలల తరబడి ఉండిపోవడం మనందరికీ తెలిసిందే. మన చర్మం కమిలితే నల్లబడుతుంది. పీల్ వల్ల కూడా అలా జరగవచ్చు, ఆ అవకాశాన్ని తగ్గించడానికే ఈ తయారీ. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీతలా పిండితే వచ్చేంత క్రీము ముఖానికీ మెడకూ కావాలి. శనగ గింజంత రాసి పని చేయలేదంటే ఎలా? బయట తిరుగుతుంటే రెండు మూడు గంటలకొకసారి మళ్లీ రాయాలి. పీల్‌కు వారం ముందు నుంచి థ్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్ ఆపేయాలి. రాత్రి క్రీము ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ను అడగండి. మొదటి పీల్‌కు ముందు రోజు కిటికీ పక్కన నిలబడి, మేకప్ లేకుండా ఒక ఫోటో తీసి ఉంచుకోండి.

పీల్ రోజు ముఖం శుభ్రం చేసి, జిడ్డు తుడిచి, కళ్ల చివర్లలో, ముక్కు మడతల్లో, పెదవులకు పెట్రోలియం జెల్లీ రాస్తారు. మంగుకు తరచూ వాడేది గ్లైకాలిక్ ఆమ్లం. మొదటిసారి 20 లేదా 30 శాతంతో మొదలుపెట్టడం మంచి పద్ధతి. బ్రష్‌తో నుదుటి నుంచి రాస్తూ వస్తారు, పక్కన గడియారం నడుస్తుంటుంది. ముందు చీమలు పాకినట్టు ఉంటుంది, తర్వాత పచ్చిమిర్చి తగిలినట్టు చురుక్కుమంటుంది. ముఖమంతా సమానంగా చిమచిమలాడితే ఫరవాలేదు. ఒక్కచోటే భగ్గుమంటే వెంటనే చెప్పండి, అక్కడ ముందుగా ఆపేస్తారు. మంట ఎక్కువైతే ఫలితం ఎక్కువని పళ్లు బిగబట్టి కూర్చోవడం తెలివితక్కువ పని. సమయం కాగానే సోడియం బైకార్బనేట్ ద్రావణంతో ఆమ్లాన్ని విరిచేస్తారు. అది మన వంటసోడాయే. ఆపై చల్లటి నీళ్లతో కడుగుతారు.

మూడు నుంచి ఏడు రోజులు ముఖం పొడిబారి, సన్నటి పొట్టు రాలుతుంది. కొందరికి రాలినట్టే తెలియదు, అంతమాత్రాన పని చేయలేదని కాదు. గోటితో లాగవద్దు. ఆవిరి, స్క్రబ్, నిమ్మరసం వద్దు. గాఢత లేని సబ్బు, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ చాలు. పెళ్లికూతుళ్లకు ప్రత్యేకంగా ఒక మాట: పీల్ అయిన వారంలో నలుగు పెట్టి సున్నిపిండితో ముఖం రుద్దితే నల్లటి మరకలతో పీటల మీద కూర్చోవలసి రావచ్చు. ముహూర్తానికి కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పొక్కులు, చెక్కు కట్టడం, తగ్గని ఎరుపు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కు ఫోను చేయండి.

సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగు నుంచి ఆరు సిట్టింగులు పడతాయి. మంగు పలచబడుతుంది, కానీ ఎండకు మళ్లీ మేలుకుంటుంది. అందుకే శాశ్వతంగా పోగొడతామనే మాట నమ్మకండి, ఆరింటికీ కలిపి ముందే డబ్బు కట్టమంటే కట్టకండి. రెండో సిట్టింగ్ అయి చర్మం కుదుటపడ్డాక అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఇంకో ఫోటో తీయండి. పాతదాని పక్కన పెట్టి చూశాకే మూడోదానికి వెళ్లాలో లేదో తేల్చుకోండి.