పదికాలాల పాటు నిలిచే మెయిలింగ్ లిస్టు

వాట్సాప్ గ్రూపులో పొద్దున అడిగిన ప్రశ్న సాయంత్రానికి శుభాకాంక్షల కింద మరుగున పడుతుంది. అదే ప్రశ్నను, ఒక చిరునామాకు రాసిన ఈమెయిలు సభ్యులందరికీ చేరే మెయిలింగ్ లిస్టులో అడిగితే, ఓపికగా రాసిన జవాబులతో సహా ఏళ్ల తరువాతైనా వెతికి చదువుకోవచ్చు. సాహిత్య చర్చకో, పూర్వ విద్యార్థుల సంఘానికో లిస్టు పెట్టదలచినవారు ఈ ప్రయోజనాన్ని దృష్టిలో ఉంచుకునే ప్రతి సెట్టింగునూ ఎంచుకోవాలి.

సొంత సర్వరును చూసుకోగలవారు ఉంటే లిస్టులు నడిపే ఉచిత సాఫ్ట్‌వేరు గ్నూ మెయిల్‌మన్ వాడవచ్చు, లేకపోతే గూగుల్ గ్రూప్స్ చాలు. ఎవరినీ అడగకుండా చేర్చవద్దు. అలా చేరినవారు విసుగెత్తి స్పామ్ బటన్ నొక్కితే, మిగతావారికి వెళ్లే జాబులు కూడా స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది. కొత్త సభ్యుల తొలి జాబును మోడరేటరు చూసి వదిలితే సరిపోతుంది.

అసలు చిక్కు, రిప్లై నొక్కితే జవాబు ఎవరికి వెళ్లాలన్నది. లిస్టుకు వెళ్లేలా పెడితే చర్చ అందరికీ అందుతుంది గానీ, ఒకరికి రాయబోయిన సొంత మాట ఎప్పుడో ఒకసారి అందరి ముందూ పడక మానదు. రాసినవారికే వెళ్లేలా పెడితే ఆ ఇబ్బంది తప్పుతుంది గానీ, మంచి జవాబులు చాలావరకు ఆర్కైవుకు, అంటే లిస్టు పాత జాబులు దాచే చోటికి, చేరవు. చర్చల లిస్టుకు ఆ ఇబ్బందిని భరించైనా మొదటి పద్ధతే మేలని నా అభిప్రాయం.

కొత్త విషయానికి కొత్త జాబే మొదలుపెట్టాలని సభ్యులకు ముందే చెప్పాలి. పోతన పద్యం మీది జాబుకు రిప్లై కొట్టి, సబ్జెక్టును పుస్తకావిష్కరణ అని మార్చినంత మాత్రాన సరిపోదు. ఇన్-రిప్లై-టు అనే కనబడని గుర్తు లోపల పాతదే ఉంటుంది కాబట్టి, మెయిల్‌మన్ ఆర్కైవులో ఆ ఆహ్వానం పోతన చర్చకే అతుక్కుంటుంది. తెలుగును తెలుగు లిపిలోనే రాయమనాలి. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో సాగిన చర్చలు, ఎంత విలువైనవైనా, నేడు తెలుగులో వెతికితే దొరకవు.

మెయిల్‌మన్ వాడేవారు మరొకటి గమనించాలి. యాహూ 2014 ఏప్రిల్‌లో తన చిరునామాలకు కఠినమైన డీమార్క్ నియమం (జాబు నిజంగా ఆ చిరునామా నుంచే వచ్చిందని రుజువు కాకపోతే తిరస్కరించమనేది) పెట్టడంతో, యాహూ చిరునామాలున్న సభ్యులు రాయగా లిస్టు సర్వరు మీదుగా వచ్చిన జాబులను ఇతర మెయిల్ సర్వర్లు తిప్పికొట్టసాగాయి. అందుచేత అలాంటి జాబులను లిస్టు చిరునామా నుంచి వచ్చినట్లు పంపే డీమార్క్ సెట్టింగును ఎంచుకోవాలి.

ఆర్కైవు కాపీ మాత్రం మీ దగ్గర ఉండి తీరాలి. తెలుగు సాహిత్య చర్చలకు నెలవైన రచ్చబండ వంటి గుంపులెన్నో నడిచిన యాహూ గ్రూప్స్ 2019 డిసెంబరులో పాత జాబులను సైటు నుంచి తీసివేసి, 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతపడింది. ఏడాదికొకసారైనా జాబులన్నిటినీ ఎంబాక్స్ ఫైలుగా (ఎన్నో ఈమెయిళ్లను ఒకే చోట దాచే ఫైలు) దించి, వేర్వేరు ఊళ్లలోని ఇద్దరు సభ్యుల దగ్గర ఉంచండి; నిర్వాహకుని పాస్‌వర్డు ఒక్కరి చేతిలోనే ఉండిపోకుండా రెండో నిర్వాహకుని మొదటి రోజే నియమించండి.