పిల్లలతో మట్టి వినాయకుడు చేసే ముందు ఇవి చూసుకోండి

చవితి దగ్గరపడింది. శ్రీకాకుళంలో మా ఇంట్లో ఈసారి కూడా బొమ్మ చేసేది పిల్లలే, అందుకే ముందుగా చెబుతున్నా.

– కళ్లకు గురివింద గింజలు అసలు వద్దు. ఎర్రగా, నల్ల చుక్కతో ఎంత ముద్దుగా ఉన్నా వాటిలో అబ్రిన్ అనే విషం ఉంటుంది. పైతొక్క గట్టిదే, కానీ నమిలినా, దారం ఎక్కించడానికి చిల్లు పెట్టినా లోపలి విషం బయటికి వస్తుంది. పిల్లాడు మింగాడని అనుమానం వస్తే చాలు, బానే ఉన్నాడు కదా అని ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కళ్లకు చీపురుపుల్లతో రెండు గుంటలు గుచ్చి బొగ్గు రాస్తే సరిపోతుంది. పుల్ల మాత్రం మీ చేతిలోనే ఉండాలి.

– ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఇవ్వకండి. గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, అందులో చేతులు పెట్టి ఉంచితే కాలిపోతాయి.

– చెరువు మట్టి అయితే ముందు మీరే నలిపి చూడండి, గాజుపెంకులు, గుల్లలు ఉంటాయి. పోయినేడు మా పాప వేలు తెగింది అలాగే.

– మూడేళ్లలోపు పిల్లలుంటే పూసలు, సెనగలు దగ్గర పెట్టుకోవద్దు. నోట్లోకో ముక్కులోకో పోతాయి.

– నాలుగైదు రోజుల ముందే మొదలుపెట్టండి, అరచేతి సైజు చాలు. ముసురులో లావు బొమ్మ ఆరదు, తొందరపడి ఎండలో పెడితే పగులుతుంది.

– తొండం ఊడకుండా అతికేచోట గీతలు గీసి, మట్టి జావ రాయండి.