ఇల్లు అద్దెకిచ్చేవారికి చట్ట పాఠం – 4: ఖాళీ చేయమనే నోటీసు రాయడం, గడువు లెక్కించడం

ఏడాదికి మించిన గడువుతో రాసుకున్న అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించకపోతే ఆ గడువు నిలవదని, అయినా అద్దె ఇచ్చి పుచ్చుకుంటూ ఉంటే న్యాయస్థానం దానిని నెలవారీ అద్దెగా చూస్తుందని కిందటి పాఠంలో తెలుసుకున్నాం. ఆ నెలవారీ అద్దెను ముగించే పద్ధతి ఈ వారం నేర్చుకుందాం. ఇది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నడిచే అద్దెలకు సంబంధించిన పాఠం. అద్దె నియంత్రణ చట్టం పరిధిలోకి వచ్చే భవనాలకు నోటీసు ఒక్కటే చాలదు, ఆ చట్టంలో చెప్పిన కారణాన్ని కూడా రుజువు చేయాలి కనుక, వాటి సంగతి విడిగా చూద్దాం.

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమీది వాటాను నెలకు 9,000 రూపాయలకు పదకొండు నెలల ఒప్పందంతో ఇచ్చారనుకుందాం. ఒప్పందం ముగిసినా అద్దెదారు అక్కడే ఉన్నారు, యజమాని అద్దె తీసుకుంటూనే ఉన్నారు కనుక ఇదీ నెలవారీ అద్దెగానే నడుస్తోంది. ఇప్పుడు వాటా తమ సొంత అవసరానికి కావాలి. ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే గడువు రాసుకోకపోతే, నివాసానికైనా దుకాణానికైనా ఇచ్చిన నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలు. వ్యవసాయ భూమికి, వస్తువుల తయారీకి ఇచ్చిన స్థలానికి మాత్రం ఆరు నెలలు ఇవ్వాలి. కారణం రాయడం తప్పనిసరి కాదు.

గడువు లెక్కలోనే చాలామంది తడబడతారు. పూర్వం నోటీసు గడువు అద్దె నెల ఆఖరు రోజుతోనే ముగియాలన్న నియమం ఉండేది. ఒక్క రోజు తేడా వచ్చినా దావా వీగిపోయేది. ఏళ్ళ తరబడి తిరిగిన యజమాని మళ్ళీ మొదటి నోటీసు దగ్గరకు రావలసి వచ్చేది. 2002 ఆఖరున చేసిన సవరణ ఈ బాధను తీర్చింది. ఇప్పుడు గడువు నోటీసు అందిన తేదీ నుండి లెక్కకు వస్తుంది. రాసిన గడువు చట్టం చెప్పినదానికంటే తక్కువగా ఉన్నా, ఆ 15 రోజులు గడిచిన తరువాతే దావా వేస్తే, కేవలం ఆ లోపం వల్ల నోటీసు చెల్లకుండా పోదు. అయినా నా సలహా ఒకటే: పది రోజులు ఎక్కువే ఇవ్వండి, దానివల్ల మీకు పోయేదేమీ లేదు.

నోటీసు వ్రాతపూర్వకంగా ఉండాలి, మీరు గానీ మీ తరఫున ప్లీడరు గానీ సంతకం చేయాలి. ముఖ్యమైన వాక్యం ఇలా ఉండవచ్చు: “పైన వివరించిన వాటాలో నెలకు రూ. 9,000 అద్దెపై ఉంటున్న మీ అద్దె హక్కును, ఈ నోటీసు మీకు అందిన నాటి నుండి 15 రోజుల గడువు ముగియడంతో రద్దు చేస్తున్నాను. గడువు తీరిన వెంటనే వాటాను ఖాళీ చేసి నాకు స్వాధీనపరచవలెను.” రద్దు చేస్తున్నానన్న మాట స్పష్టంగా ఉండాలి. “వీలు చూసుకుని ఖాళీ చేయగలరు” అని రాస్తే అది మర్యాదైన విన్నపమే తప్ప నోటీసు కాదు. ఒప్పందంలో భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి ఉంటే ఇద్దరి పేర్లూ రాయండి.

నోటీసును తపాలాలో పంపవచ్చు, స్వయంగా ఇవ్వవచ్చు, లేదా ఆ ఇంట్లో ఉన్న కుటుంబ సభ్యులకో పనివారికో అందించవచ్చు. ఇవేవీ సాధ్యం కాకపోతే వాటాలో అందరికీ కనబడే చోట అతికించవచ్చు. తపాలాలో పంపితే రసీదును, అందినట్లు తెలిపే రుజువును దాచుకోండి. “తీసుకోవడానికి నిరాకరించారు” అన్న రాతతో కవరు తిరిగి వస్తే దానిని విప్పకుండా అలాగే భద్రపరచండి. చిరునామా సరైనదైతే ఆ కవరే మీకు సాక్ష్యం.

గడువు తీరాక వచ్చే అద్దె విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అదే చట్టంలోని 113వ సెక్షన్ ప్రకారం, అద్దె ఇంకా కొనసాగుతోందన్న ఉద్దేశం కనబడేలా డబ్బు తీసుకుంటే నోటీసును మీరే వదులుకున్నట్లు అవుతుంది. తీసుకోక తప్పకపోతే రసీదులో “నోటీసు హక్కులకు భంగం లేకుండా, ఇంటి వాడకానికి పరిహారంగా” అని రాయండి.

గడువు తీరినా అద్దెదారు కదలకపోతే తాళం మార్చడం, కరెంటు తీయించడం, సామాను బయట పెట్టించడం ఎంతమాత్రం చేయకండి. అలా వెళ్ళగొట్టబడిన వ్యక్తి 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టంలోని 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పనిలేకుండా, తిరిగి స్వాధీనం పొందగలరు. మీ ఇల్లే అయినా, న్యాయస్థానం ద్వారానే స్వాధీనం తీసుకోవాలి.

అభ్యాసం: విజయవాడ సత్యనారాయణపురంలోని ఒక వాటా నోటీసు అద్దెదారుకు జూలై 3న అందింది, గడువు 15 రోజులు. యజమాని జూలై 16న దావా వేశారు. ఇందులో లోపం ఏమిటో, నోటీసులో ఏ మార్పూ లేకుండా ఆయన ఎప్పుడు దావా వేసి ఉంటే సరిపోయేదో మీ పుస్తకంలో రాసుకోండి. వచ్చే పాఠాన్ని ఆ జవాబుతోనే మొదలుపెట్టి, స్వాధీనపు దావాలో బకాయిలను ఎలా కలపాలో చూద్దాం.